తొడిమల డబ్బా

ఏటుకూరు రోడ్డు షెడ్డులో
పొద్దస్తమానం మిరపకాయల తొడిమలు తుంచి
ఇంటికొచ్చేసరికి ఈ చేతులు నావి కావు, మంటవి.
సబ్బు అరిగినా
ఘాటు గోళ్ల కింద కాపురముంటుంది.
ఆ చేతుల్తో మా యోహాను ముఖం ముట్టుకోను.
వాడు ముట్టనివ్వడు కూడా, అది వేరే సంగతి.

తోటి పిల్లాడి వేలు కొరికాడని
రెండో బడి వాళ్లూ టీసీ చేతిలో పెట్టారు.
ఆడబిడ్డ దిష్టి అంది.
పాస్టరమ్మ ఉపవాస ప్రార్థన అంది.
పక్కింటి కమలాబాయి
నా పెంపకాన్ని వీధిలో నిలబెట్టి తూర్పారబట్టింది.

బ్రాడీపేటలో జిరాక్స్ కొట్టు పక్కన
ఇరుకు మెట్లెక్కితే నస్రీన్ మేడం గది.
చాప, పళ్లెంలో ఇసుక, బేసిన్లో ఆవాలు.
మోచేతుల దాకా ఆవాల్లో ముంచి
వాడు అరగంట నోరెత్తలేదు.
గోడకు ముఖాల బొమ్మలు.
నవ్వు, ఏడుపు, భయం, కోపం.
కోపాన్ని పీకి నోట్లో పెట్టుకున్నాడు.
మేడం తిట్టలేదు.
"రుచి ఎట్లా ఉంది?" అనడిగింది.

నవ్వాలో ఏడవాలో తెలియక
గోడ మీద నా బొమ్మ ఏదా అని వెతికాను.

"వాడు రెచ్చిపోయినప్పుడల్లా రాసుకురండమ్మా,
ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో."
రాత రాదని చెప్పడానికి సిగ్గేసింది.
సరేనని తలూపి మెట్లు దిగాను.

కొంగున ముడేసుకొచ్చిన తొడిమలే
నాకు తెలిసిన అక్షరాలు.
పొద్దుటి గొడవ పాలపొడి డబ్బాలో,
మధ్యాహ్నానిది గాజు గ్లాసులో,
రాత్రిది వాళ్ల నాన్న విరిగిన మగ్గులో.
కొరికితే పొడుగు తొడిమ,
ఒట్టి కేకలైతే పొట్టిది.

పది రోజులకి
మూడు కుప్పలూ చాప మీద పోశాను.
మేడం చాలాసేపు మాట్లాడలేదు.
నా చదువు తెలిసిపోయిందనుకున్నాను.
కళ్లద్దాలు తుడుచుకుని
పొడుగువన్నీ ఒక వరసలో పేర్చింది.
"పొద్దుటి కుప్పే పెద్దది.
పొద్దున మీ ఇంట్లో ఏం జరుగుతుంది?"
"ఏం జరుగుద్ది మేడం, పొయ్యి, అన్నం, పని.
రోజు మార్చి రోజు నీళ్ల ట్యాంకరు."
నోట్లోంచి వచ్చాకే
నాకూ వినపడింది.

హారను. నలభై బిందెలు.
స్టీలు మీద స్టీలు, నోటి మీద నోరు.
ఆ మోత మధ్యలో చెవులు మూసుకుని వాడు,
వాణ్ని ఈడ్చుకుంటూ నేను.
ముఖం ముట్టని ఈ చేతులే
వాడి వీపు మీద ఎన్ని పొద్దులు మోగాయో
దానికి డబ్బా పెట్టలేదు ఎవరూ.

ఇప్పుడు ట్యాంకరు రోజున
తెల్లారకముందే ట్యాంకరు బొమ్మ చూపిస్తాను.
మేడమే గీసిచ్చింది, మూడు చక్రాలే వచ్చాయి.
చెవులకు వాళ్ల నాన్న మఫ్లరు చుడతాను.
బిందె పట్టడం నా వంతు,
ఎన్ని నిండాయో వేళ్ల మీద చెప్పడం వాడి వంతు.
కమలాబాయి మూతి విరిచింది.
విరవనీ.

నయమైందా అని అడగకండి.
నిన్న సాయంత్రం కూడా
మా మరిది కూతురి జడ పట్టి లాగాడు.
నేను అరవబోయి ఐదు దాకా లెక్కపెట్టుకున్నాను.
వాడికి నేర్పమన్న లెక్క,
ముందు నాకే అవసరమైంది.
నాలుగు దగ్గర ఉండగానే వాడొచ్చి
నా కొంగు ముడి విప్పాడు.
కొరకలేదు, కేకా కాదు.
పొడుగుదీ పొట్టిదీ పక్కపక్కన పెట్టి చూసుకుని
మధ్యరకం ఒకటి ఏరాడు.
సాయంత్రానికి నేను గిన్నె పెట్టలేదు.
తన పాలగ్లాసు తెచ్చుకుని
అందులో వేసుకున్నాడు.

"చేతులు కడుక్కో నాయనా, కళ్లు మండుతాయి" అన్నాను.

రెండు చేతులూ
నా ముందు చాపాడు.